దొరై బ్యాటరీకి నీళ్ళు కొట్టిన వైనం

కరెంటు బండి నడిరోడ్డు మీద ఆగిపోతే తిట్టుకోకండి, దండం పెట్టండి! ఆ బ్యాటరీ లోపల చిన్న బోర్డు ఒకటుంటుంది. వోల్టేజీ పడిపోయినా, పెరిగినా, ఒళ్ళు వేడెక్కినా టక్కున కరెంటు ఆపేస్తుంది. మన ఇంట్లోవాళ్ళయినా ఇంత కనిపెట్టుకుని ఉంటారా?

నేను ఊరికే అనడం లేదు. గుడియాత్తం మేస్త్రీ దొరై సంగతే చూడండి. పొద్దున ఏడింటికల్లా వేలూరు సైటులో స్లాబు పనికి ఉండాలి. ఆలస్యమైతే ఆ పని ఇంకొకరికి ఇస్తానని కాంట్రాక్టరు నందకుమార్ ముందే చెప్పేశాడు. సరిగ్గా ఆ రోజే పళ్ళికొండ దగ్గర బండి చచ్చింది. ఎంత అదృష్టం! ఏనాడూ పలకరించని ఊరు ఊరంతా చుట్టూ చేరింది. ఒకాయన బండిని ఊపమన్నాడు. ఒకావిడ నిమ్మకాయ కట్టమంది. టీకొట్టాయన ముందు టీ తాగమన్నాడు. దొరై మూడూ చేశాడు.

చివరికి బండిని సరుకుల ఆటోలో వేసుకుని వేలూరు మెకానిక్ బాలచంద్రన్ దగ్గరికి చేరాడు. బాలచంద్రన్ మీటరు పెట్టి చూస్తే, లోపల సెల్స్ దగ్గర యాభై రెండు వోల్టులు నిక్షేపంగా ఉన్నాయి. బయటికొచ్చే వైరులో మాత్రం సున్నా. చార్జింగ్ సాకెట్ విప్పితే పిన్నులు పచ్చగా చిలుము పట్టి, ఒక పక్క మాడిపోయి ఉన్నాయి. ఇందులోకి నీళ్ళెలా వచ్చాయని అడిగాడు.

దొరై కాస్త సిగ్గుపడ్డాడు. "బ్యాటరీ పెట్టె ఎండకి కాలతా ఉండాదప్పా. దినమూ తడి గోతం కప్పి, రెండు పూటలా నీళ్ళు కొట్టినా."

అందులో తప్పేముంది? ఇరవై ఏళ్ళుగా కొత్త కాంక్రీటుకి ఆయన చేస్తున్న సేవ అదే! స్లాబుకి పడిన వైద్యం బ్యాటరీకి పడకపోతే, ఆ లోపం బ్యాటరీది కాదూ?

బాలచంద్రన్ నవ్వలేదు. సాకెట్లో షార్టవుతుంటే, సెల్స్ కాలిపోకముందే బోర్డు కరెంటు తెంచేసిందన్నాడు. సాకెట్ మార్చి, రెండు రోజులు తడి ఆరబెట్టి, చార్జర్ తగిలిస్తే లేస్తుందని ధైర్యం చెప్పాడు. "వేడెక్కినా ఇంతే నాయనా, ఆగిపోతాది. ఎవురు తిట్టినా కదల్దు. సల్లబడినాకనే లేస్తాది," అన్నాడు.

ఆ మాట దొరైకి భలే నచ్చింది. ఈ బ్యాటరీ ఎంత పెట్టిపుట్టిందో అనుకున్నాడు. సైటుకి ఆలస్యంగా చేరినా, కాంక్రీటు లారీ కూడా ఆలస్యం కావడంతో ఆ రోజుకి పని దక్కింది.

మరుసటి వారం కత్తిరి ఎండ, నడివేసవి మంట. మిట్టమధ్యాహ్నం స్లాబు మీద దొరైకి కళ్ళు తిరిగాయి. తాపీ కింద పెట్టి నీళ్ళ ట్యాంకు నీడలో కూలబడ్డాడు. ఏమైందని నందకుమార్ కింద నుంచి కేకేశాడు.

"వేడెక్కినానప్పా. పది నిమిషాలు సల్లబడి లేస్తా," అన్నాడు దొరై.

బండి ఆగిన రోజు లోపం ఎక్కడుందోనని మీటరు పెట్టారు, సాకెట్ విప్పారు, ఆరేదాకా రెండు రోజులు కాచుకున్నారు. దొరై ఆగితే నందకుమార్ ఫోన్ తీసి, ఒడుగత్తూరు మేస్త్రీ ఏలుమలైని రేపటి నుంచి రమ్మన్నాడు.