నిలకడ గడువు

మనిషి జీవితంలో మార్పులు రావడం సహజమేగానీ, ముందస్తు అనుమతి లేకుండా రావడం మాత్రం క్షమించరాని నేరమని వీలునామాల కార్యాలయం ఎప్పుడో తేల్చేసింది. కాబట్టి వీలునామా మార్చుకోదలచినవారు ముందుగా మూడు నెలలపాటు ఏ మార్పూ లేకుండా బతికి చూపించాలి. దీన్ని నిలకడ గడువు అంటారు. (ఊపిరి పీల్చుకోవడానికి మినహాయింపు ఉంది.)

మా వీధి చివర బట్టలు కుట్టే పిన్నికి ఈ సంగతి తెలీదు, పాపం. పెళ్ళయిన కొత్తలో, మోజుకొద్దీ, తన తదనంతరం ఇల్లూ, ఇంట్లో ఉన్నవీ మొగుడికే చెందాలని వీలునామా రాసేసింది. ఆ మహానుభావుడు వేరే ఆవిడతో ఉడాయించాడు. ముందు గదిలో మిషను తొక్కుకుంటూ, చనిపోయిన చెల్లెలి కూతుర్ని పెంచుకుంటూ పిన్ని నెట్టుకొచ్చింది. విడాకులు చేతికి రాగానే, ఇల్లు ఆ పిల్ల పేర రాద్దామని నన్ను తోడు తీసుకుని వెళ్ళింది.

"విడాకులొచ్చి వారమేగా. మనసు కుదుటపడొద్దూ? మూడు నెలలు ఆగండమ్మా," అన్నాడు నిలకడ పరిశీలనాధికారి.

"ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది బాబూ. నా మనసు అప్పుడే కుదుటపడింది."

"అది మీ మనసు. కాయితాల్లో మనసు మొన్ననే కదా విరిగింది."

"పోనీ, పాతది చింపేస్తాను."

"చింపడం కూడా మార్పేనమ్మా."

గడువు ముగుస్తుందనగా పిన్ని వాళ్ళమ్మ కన్నుమూసింది. అది మార్పు కనుక గడువు మళ్ళీ మొదలైంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా పిన్నికి గుండెజబ్బు వచ్చిపడింది. గడువు మళ్ళీ మొదటికొచ్చింది. (ఈలోగా మాజీ మొగుడు రెండు ఇళ్ళూ ఒక భార్యా మార్చాడు. ఆస్తి పుచ్చుకునేవారికి నిలకడ అక్కర్లేదు.)

కాస్త కోలుకోగానే పిన్ని సంబరంగా మళ్ళీ వెళ్ళింది. జబ్బు తగ్గడం కూడా మార్పేనని అధికారి విచారంగా చెప్పాడు.

"ఒంట్లో బాగోలేదంటే ఆపారు, బాగైందంటే ఆపారు. మధ్యస్తంగా ఉండమంటారా?"

"వీలైతే ఉండండమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమనే రకాలు వీళ్ళు! పిన్ని మాత్రం గొడవ పెట్టుకోనివ్వలేదు. గట్టిగా అరిస్తే గుండె కొట్టుకునే వేగం మారుతుందని ఆవిడ భయం.

గడువు ఇంకో వారంలో తీరుతుందనగా పిన్ని పోయింది. మర్నాడే మాజీ మొగుడు కొత్త తాళం పట్టుకుని వచ్చి, చక్కగా కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

"పెదనాన్నా, ఆ మిషనైనా ఇవ్వండి. పెద్దమ్మ నాకు పని నేర్పింది దానిమీదే," అని బతిమాలింది పిల్ల.

"నేనైతే ఇచ్చేద్దునే తల్లీ! ఇల్లూ, ఇంట్లో ఉన్నవీ నాకేనని మీ పెద్దమ్మే రాసింది కదా. ఆవిడ మాట కాదంటే ఆత్మ క్షోభించదూ?"

సిగ్గులేని జన్మ! తాళం వేసి, లాగి చూసుకుని మరీ వెళ్ళాడు.

గుమ్మం బయట బట్టల సంచి పక్కన నిలబడ్డ ఆ పిల్ల ఫోనుకు అప్పుడే కార్యాలయం నుంచి సందేశం వచ్చింది. "మీ కుటుంబ పరిస్థితులు మారినట్లు మా దృష్టికి వచ్చింది. మీ స్థిరాస్తి వివరాలతో వెంటనే వీలునామా రాసుకోగలరు. ఆస్తి లేనివారు ‘లేదు’ అని రాసి, అది తమ తదనంతరం ఎవరికి చెందాలో తెలుపవలెను."