గొట్టంలో పేలిక

సింహాద్రిపురం పక్క పల్లెలో చీనీకాయల తోట రైతు నారాయణ ఆ పొద్దు పెట్టుకున్న పని ఒక్కటే. పంచాయతీ ఎన్నికలొచ్చాయి కాబట్టి లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. పది గంటలకల్లా తండ్రి నాటి ఒంటిగొట్టం తుపాకి ఇచ్చేసి, రసీదు తీసుకుని, పులివెందులలో దోసె తిని రావాలి.

అది పేలి పాతికేళ్లయింది. 'పన్జేస్తాదా అని ఎస్సై అడిగితే ఏం చెప్పాల?' అని అనుమానం వచ్చింది. నారాయణ జాగ్రత్తపరుడు, చేత పట్టుకుని కాల్చే రకం కాదు. తోటలో మట్టికట్టకు గురిపెట్టి తుపాకిని ఒక మొద్దుకు కట్టాడు. తండ్రి దాచిన తూటా పెట్టాడు. ట్రిగ్గరుకు తాడు బిగించి, మోటారు గది చాటుకు పోయి లాగాడు.

పిడుగు పడిందనుకున్నాడు. పొగ తగ్గాక చూస్తే గొట్టం కొస ఉమ్మెత్త పువ్వులా విచ్చుకుని ఉంది. ఒంటి మీద గీత పడలేదు గాని, చెవుల్లో గుయ్యిమనే మోత తప్ప లోకంలో ఇంకే శబ్దమూ లేదు. మసి మొహంతో దగ్గరికి పోయాడు. చీలిన ఇనుము మధ్య పచ్చచీర పేలిక కాలుతోంది. భార్య వనజమ్మ పోయినేడాది చించిన పాత చీరది.

పక్క తోట దస్తగిరి బండేసుకుని వచ్చాడు. "ఏమైంది మామా? ఎవరు కాల్చినారు?"

పెదవులు ఆడడమే కనిపించింది. పేలిక ఎవరిదని అడుగుతున్నాడనుకున్నాడు నారాయణ.

"మీ అత్త పనే ఇది!" అని అరిచాడు. "పోయినేడాది నుంచి లోపల పెట్టుండాది. నాతో ఒక్క మాట జెప్పలే!"

దస్తగిరి బండి తిప్పాడు. ఆ మాట ఊళ్లోకి చేరేసరికి వనజమ్మ మొగుణ్ణి కాల్చింది. సంగతి పులివెందులకు చేరేసరికి రెండుసార్లు కాల్చింది. జమ్మలమడుగులో ఆమె తమ్ముడు వెంకటకృష్ణ ఫోను మోగేసరికి బావ పోయాడు. వెంకటకృష్ణ ఏడుస్తూ పూలదండ కొని కారెక్కాడు.

నారాయణ తుపాకి మోసుకుని ఇల్లు చేరితే వాకిట్లో యాభై మంది. వనజమ్మను నలుగురు ఆడవాళ్లు గట్టిగా పట్టుకుని ఉన్నారు. "నేనేం జేసినానే?" అని ఆమె మొత్తుకుంటోంది. నారాయణకు ఒక్క ముక్కా వినిపించలేదు. అందరూ వచ్చి ఆయన పొట్టా వీపూ తడుముతున్నారు. అంతలో కారు దిగిన వెంకటకృష్ణ బావ నిలబడి ఉండడం చూసి బిత్తరపోయాడు. దండ ఏం చేయాలో తోచక ఆయన మెళ్లోనే వేశాడు. తానేమైనా గెలిచానా అనుకుని నారాయణ అందరికీ దండం పెట్టాడు.

జీపు దిగిన ఎస్సై రిహానా నేరుగా అడిగింది. "నీ భార్య మీద కేసు పెడతావా?"

ఆమె వేలు వనజమ్మ వైపు ఉంది. చీర సంగతే అనుకున్నాడు. "మంచికే చేసింటాది మేడమ్. మళ్లీ చేయదులే."

జనం నోళ్లు తెరిచారు. ఎస్సై వనజమ్మ వైపు తిరిగింది.

"నిజం చెప్పమ్మా. నువ్వేనా?"

వనజమ్మ చూపు మొగుడి చేతిలోని గొట్టం మీద, దానికి వేలాడుతున్న పచ్చ పేలిక మీద పడింది. "నేనే మేడమ్! గొట్టంలో కందిరీగలు గూడు కడతాండాయని గుడ్డ కుక్కినా. అదీ తప్పేనా?"

ఎస్సై తుపాకి అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నవ్వు ఆపుకుంటూ గొంతు పెంచింది. "గొట్టంలో గుడ్డ అడ్డం పడింది. తూటాకు ముందుకు దారి లేక, తుప్పు పట్టిన ఇనుము చీలింది. ఎవరూ ఎవర్నీ కాల్చలేదు. ఇండ్లకు పోండి!" తర్వాత రసీదు రాసిచ్చింది, 'తుపాకి ఒకటి, విచ్చుకున్నది' అని.

జనం పోయారు గాని నమ్మలేదు. "తూటా తిన్న మొగునితోనే మంచికే చేసిందనిపిచ్చింది, పోలీసులతో గుడ్డ కథ జెప్పిచ్చింది. ఆయమ్మ మామూలు మనిషి కాదప్పా," అన్నాడు గొర్రెల కాటమయ్య. సర్పంచి పదవి ఆ తడవ ఆడవాళ్లది. దానికి పోటీపడే రెండు పెద్దిళ్ల తగాదాలో పల్లెలో గొర్రెలకు నీళ్లతొట్టి కట్టినవాడు లేడు. మర్నాడే కాటమయ్య నామినేషను కాగితాలు పట్టుకొచ్చాడు. "నాకెందుకప్పా?" అని వనజమ్మ విసుక్కుంటూనే సంతకం పెడితే, ఆ విసుగూ బెదిరింపే అనుకుని రెండిళ్లవాళ్లూ సాయంత్రానికి తప్పుకున్నారు.

పల్లె జనంలో పెరిగిన చైతన్యమే వనజమ్మ ఏకగ్రీవంగా సర్పంచి కావడానికి కారణమని ఆ తర్వాత పేపర్లో రాశారు.