పక్క హాల్లో జరిగిన యుద్ధం

ఆ మంగళవారం పొద్దున్న డెస్మండ్ పర్కిస్ గారి కార్యక్రమం చాలా సుళువైనది. గుడ్డూ రొట్టే తినడం, రాజుకీ పార్లమెంటుకీ జరిగిన పాత అంతర్యుద్ధం నాటి సైనికుడి వేషం కట్టడం, మధ్యాహ్నం నెదర్‌స్టోక్ చరిత్ర సంఘంలో ఉపన్యాసం ఇవ్వడం, ఎవరూ నిద్రపోకుండా చూసుకోవడం. చివరిదొక్కటే కష్టం. కిందటేడు ఇదే విషయం మీద మాట్లాడితే ముందు వరసలో ఇద్దరు గుర్రుపెట్టారు, ఇంకొకాయన కుర్చీలోంచి జారిపడ్డాడు.

"ఈసారి ఒక్క గుర్రు వినబడిందా, డెస్మండ్ గారూ, ఇక జన్మలో మీకు మైకు ఇవ్వను. టీ కాచే పని చూసుకుందురుగాని," అని అధ్యక్షురాలు మిసెస్ ఓకెండెన్ తేల్చి చెప్పేసింది. డెస్మండ్ గారు పళ్ళ డాక్టరుగా బతుకంతా తెరిచిన నోళ్ళు చూసిన మనిషే కానీ, ఆవలించే నోరు కనబడితే మాత్రం ఆయన ప్రాణం ఉసూరుమనేది. ఈ యుద్ధమంటే ఆయనకంత ప్రేమ.

"ఆ ఇనపటోపీ పెట్టుకుని కారు నడపకు మహానుభావా, పోలీసులు ఆపుతారు," అంది భార్య హిల్డా.

"వేషమంటే వేషమే. సగం సగం కుదరదు," అన్నారాయన టోపీలోంచి.

చర్చి వెనక రెండు హాళ్ళున్నాయి, పెద్దదీ చిన్నదీ. సంఘం ఎప్పుడూ పెద్దదాంట్లోనే కూడుతుంది. ఆ రోజు జనం ఎక్కువ వచ్చే పని ఇంకెవరికో పడితే మిసెస్ ఓకెండెన్ పెద్దది వాళ్ళకిచ్చి, తమది చిన్నదానికి మార్చి, ముందు తలుపుకి కాగితం అంటించింది. డెస్మండ్ గారేమో పొడుగాటి ఈటెలు మోసుకుంటూ, ఆ కాగితం చూడకుండా, వెనక వంటింటి తలుపులోంచి పెద్ద హాల్లోకే వచ్చారు.

హాలు నిండిపోయి ఉంది. అందరూ నల్లబట్టల్లో, చక్కగా, నిశ్శబ్దంగా కూర్చున్నారు. 'అబ్బ, ఎంత గౌరవం!' అనుకున్నారు డెస్మండ్ గారు.

ముందు వరసలో కూర్చున్న ఆడ్రీ ఉలిక్కిపడింది. ఆ పూటే ఆవిడ తన భర్త ఆంబ్రోస్‌ని మట్టిలో పెట్టి వచ్చింది. ఈ ఇనపటోపీవాణ్ణి పెద్ద మరిది లయనెల్ పిలిపించి ఉంటాడనుకుంది. వదినగారే పిలిపించి ఉంటుందని లయనెల్ అనుకున్నాడు. చిన్నవాడు క్లిఫర్డ్, ఇది చచ్చిపోయిన అన్నగారి ఆఖరి కొంటెపని అనుకున్నాడు. అడిగితే బాగుండదని ఎవరూ అడగలేదు. అక్కడి జనం అంతే, పైకప్పు నెత్తిన పడినా "క్షమించండి" అని కుర్చీ పక్కకి జరుపుకుంటారు.

"మిత్రులారా! మన ఊరి పొలంలోనే రాజు మనుషులూ పార్లమెంటు మనుషులూ తలపడ్డారు. అన్నదమ్ములే ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నారు!" అని మొదలెట్టారు డెస్మండ్ గారు. వెనక వరసలో ఆంబ్రోస్ మేనత్త మార్జొరీ రుమాలు తీసి భోరున ఏడ్చింది. డెస్మండ్ గారు పొంగిపోయారు. తన ఉపన్యాసానికి ఏడ్చిన మొదటి మనిషి!

ఇక ఆయన్ని పట్టేవాళ్ళెవరు? ఫలహారాల బల్ల మీదే యుద్ధరంగం పరిచేశారు. టీ కెటిలు చర్చి అయింది, కీరా శాండ్‌విచ్‌లు రాజుగారి గుర్రాలయ్యాయి. పువ్వుల మధ్య నిలబెట్టిన ఫొటోని సరిగ్గా చూడకుండానే బోర్లా పడుకోబెట్టి, "ఇది మన ఏరు," అన్నారు. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ఉత్కంఠ పండిందనుకున్నారాయన.

"ఇప్పుడు ఈటెల పోరు. ఇద్దరు రండి! మీరు రాజు పక్షం, మీరు పార్లమెంటు!"

ఆయన వేలు చూపించింది లయనెల్‌నీ క్లిఫర్డ్‌నీ. తోట కంచె దగ్గర మొదలైన తగువుతో ఆ అన్నదమ్ములకి ఏళ్ళ తరబడి మాటల్లేవు. కాదనడం మర్యాద కాదు కనక ఇద్దరూ లేచి ఈటెలు పట్టుకున్నారు.

"తొయ్యండి!"

"కంచె నరికించింది నువ్వే కదరా!" అంటూ తోశాడు లయనెల్.

"అది నీ కంచేం కాదు, నాన్న కంచె!" అని ఎదురు తోశాడు క్లిఫర్డ్. మరుక్షణం కాలు జారి, నడుముదాకా మీగడ వేసిన జెల్లీ గిన్నెలో కూలబడ్డాడు. పైకి లాగబోయిన లయనెల్ కూడా వాడిమీదే పడ్డాడు. అన్నగారి ముక్కు మీది మీగడ చూశాడు క్లిఫర్డ్. ముందు వాడు నవ్వాడు, తర్వాత వీడు. ఇద్దరూ ఒకళ్ళ మెడ ఒకళ్ళు పట్టుకుని నవ్వుతూనే ఏడ్చేశారు. ఆడ్రీ పొట్ట పట్టుకుని నవ్వింది.

డెస్మండ్ గారు మీగడ తుడుద్దామని 'ఏరు'ని తిరగేశారు. నవ్వుతున్న మనిషి, కింద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. ఆయన ఫొటోని మెల్లిగా పువ్వుల మధ్య నిలబెట్టి ఆడ్రీ వైపు తిరిగారు.

"అమ్మా... ఇది చరిత్ర సంఘం కాదా?"

"కాదండీ. మా ఆయన్ని సాగనంపి వచ్చాక పెట్టే విందు."

"మరి ఎవరూ చెప్పలేదేం?"

"మీరు మంచి ఊపులో ఉన్నారు. మధ్యలో ఆపితే ఏం బాగుంటుంది?"

అప్పుడే తలుపు భళ్ళున తెరుచుకుంది. మిసెస్ ఓకెండెన్, వెనక సంఘం సభ్యులంతా! "డెస్మండ్ గారూ! మేమక్కడ ఖాళీ తెర చూస్తూ కూర్చుంటే మీరిక్కడ శాండ్‌విచ్‌లతో ఆడుకుంటున్నారా!"

ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. ఏడుపొక్కటే తక్కువ. "టీ ఎక్కడ కాచాలో చూపించండి," అన్నారు.

"ఆగండయ్యా!" అంటూ లేచింది ఆడ్రీ. "ఎవరు గెలిచారో చెప్పకుండా పోతారా? తమ్ముళ్ళు కలిస్తే చాలని మా ఆయన పోయేదాకా కలవరించాడు. ఎంత నెత్తీనోరూ కొట్టుకున్నా మావల్ల కాలేదు. మీరు వచ్చి తోయించారు, కలిశారు." ఆవిడ కళ్ళనిండా నీళ్ళు, మొహమంతా వెలుగు.

మిసెస్ ఓకెండెన్ హాలు కలయజూసింది. "ఎవరూ నిద్రపోలేదా?"

"నిద్రా? పడుకున్నది మా ఆయనొక్కడే. ఆయన కూడా ఇవాళ లేచి కూర్చునేవాడే!"

మిసెస్ ఓకెండెన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. సభ్యులు గోడల వెంట సర్దుకున్నారు. యుద్ధం మళ్ళీ మొదట్నుంచీ జరిగింది. మార్జొరీ అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకుని, "అబ్బాయ్, నా వంతూ ఎంతో దూరంలో లేదు. ఇప్పుడే మాట తీసుకుంటున్నా. నాకు ఫిరంగి కూడా కావాలి సుమా!" అంది. పక్కనున్న ముసలివాళ్ళు ఆవిడ వెనక వరస కట్టారు.

ఇప్పుడు చరిత్ర సంఘానికి డెస్మండ్ గారి ఉపన్యాసం కావాలంటే, ఊళ్ళో ఎవరూ పోని వారం చూసుకోవలసి వస్తోంది.