నాలుగు వందల మీటర్ల న్యాయం

"మహిళల క్రీడల్లో న్యాయం అనేది ఇకమీదట నా ఊపిరి!" అని క్రీడల మంత్రిగారు ప్రకటించారు. స్టేడియంలో మైకు అనౌన్సర్‌ని కాబట్టి ఆ మాట నేను మరోసారి చదివాను. 'ఊపిరి' దగ్గర గొంతు కాస్త వణికించాను కూడా. ఆయనకు నచ్చింది.

అసలు సంగతేమిటంటే, పొద్దున మహిళల నాలుగు వందల మీటర్ల హీట్‌లో, అంటే ఫైనల్‌కి ఎంపిక చేసే పరుగులో, ఒక పొడుగుపిల్ల అందర్నీ ఎక్కడో వెనక వదిలేసి వచ్చింది. గొంతు బొంగురు, భుజాలు వెడల్పు. ఆ పిల్ల ఆడవాళ్ల రేసులో పరుగెత్తొచ్చా అని, రెండో స్థానంలో వచ్చిన పొట్టిపిల్ల తల్లి ఫిర్యాదు చేసింది. సాయంత్రం ఫైనల్లో గెలిచిన ఒక్కరికే జాతీయ శిబిరంలో చోటు.

"మా పిల్ల తెల్లారకముందే లేచి పరుగెడుతుందండీ. ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదు. రూలేమిటో చెప్పండి, చాలు," అంది తల్లి.

"నేను పుట్టినప్పట్నుంచీ ఆడపిల్లనే. ఏ పరీక్ష కావాలో చేసుకోండి. ఫైనల్లోపు తేల్చండి సార్," అంది పొడుగుపిల్ల.

ఇద్దరూ అడిగింది ఒకటే. అంత తేలిగ్గా తేలిపోతే ఇక ప్రభుత్వం దేనికి? మంత్రిగారు అప్పటికప్పుడు న్యాయ కమిటీ వేశారు. అధ్యక్షుడు ఆయన బావమరిది. క్యారమ్స్‌లో మంచి అనుభవం ఉన్న మనిషి. కుస్తీ సంఘం ప్రెసిడెంటు, రిటైరైన ఇంజనీరు సభ్యులు. వైద్యపరమైన లోటు రాకూడదని పళ్ల డాక్టర్ని కూడా వేశారు.

ఏసీ ఉన్న గది ఒక్కటే, మహిళల డ్రెస్సింగ్ రూము. 'మహిళలకు మాత్రమే' అన్న బోర్డు కిందుగా కమిటీ లోపలికి వెళ్లింది. ఆడపిల్లలు బ్యాగులు పట్టుకుని బయటికొచ్చి, బస్సు వెనక దుప్పటి అడ్డం పెట్టుకుని బట్టలు మార్చుకున్నారు. పొడుగుపిల్లకి దుప్పటి పట్టుకున్నది పొట్టిపిల్లే. ఈ సంగతి కమిటీ దృష్టికి రాలేదు.

ప్రకటన అందుకోవడానికి గుమ్మం దగ్గరే నిలబడ్డాను గనుక చర్చ వినే భాగ్యం నాకు దక్కింది.

"మన కమిటీలో ఆడవాళ్లెవరూ లేరేం?" అన్నాడు ఇంజనీరు.

"ఇది ఆడవాళ్ల విషయం. వాళ్లుంటే పక్షపాతం అంటారు," అన్నాడు బావమరిది. ఎంత ముందుచూపో చూడండి.

"ఆ పిల్ల గొంతు బొంగురుగా ఉంది," అన్నాడు కుస్తీ ప్రెసిడెంటు.

"మా ఆవిడది ఇంకా బొంగురు," అన్నాడు పళ్ల డాక్టరు.

"ఆవిడ ఫైనల్లో పరుగెడుతోందా?" అన్నాడు బావమరిది.

"లేదు."

"అయితే ఆవిడకి క్లియరెన్స్ ఇచ్చేద్దాం."

ఏకగ్రీవంగా ఇచ్చేశారు.

"దీనికి నిబంధనలేవో ఉన్నాయట, ఓసారి చదువుదామా?" అన్నాడు ఇంజనీరు.

"చదివితే ఏదో ఒక వైపు మొగ్గాల్సొస్తుంది. మనం తటస్థులం," అన్నాడు బావమరిది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

పొద్దు వాలింది. ట్రాక్‌కి లైట్లు లేవు. ఉన్న లైట్లన్నీ వేదికకు కట్టారు. పొట్టిపిల్ల గుమ్మం దాకా వచ్చింది.

"ఆమెతో పెట్టినా సరే, ఆమె లేకుండా పెట్టినా సరే. ముందు రేసు పెట్టండి సార్, చీకటి పడుతోంది."

"న్యాయానికి తొందర పనికిరాదమ్మా," అన్నాడు బావమరిది, తలుపు మూస్తూ. ఏసీ చల్లదనం బయటికి పోతోందట.

చీకటి పడ్డాక నిర్ణయం వచ్చింది. నేనే చదివాను. ఫైనల్ రద్దు. ఎవరూ గెలవలేదు కనుక ఎవరికీ అన్యాయం జరగలేదు. శిబిరంలో చోటు వచ్చే ఏడాదికి వాయిదా. ట్రాక్ పక్కన పొడుగుపిల్ల బూట్లు విప్పకుండా అలాగే కూర్చుండిపోయింది. పక్కనే పొట్టిపిల్ల కూర్చుంది. మైకు ఆపి దగ్గాను.

మెడల్స్ మాత్రం చేయించి ఉన్నాయి. వృథా చేయడం మంత్రిగారికి ఇష్టం ఉండదు. న్యాయం గెలిచిన సందర్భంగా బావమరిది కాంస్యం మెట్టూ, పళ్ల డాక్టరు వెండి మెట్టూ ఎక్కారు. మంత్రిగారు అన్నిటికన్నా పై మెట్టు ఎక్కి, బంగారు పతకం మెడలో వేయించుకున్నారు. మెడల్ మీదున్నది చదవడం నా డ్యూటీ. చదివాను.

"మహిళల నాలుగు వందల మీటర్లు, ప్రథమ స్థానం!"

చప్పట్లు మోగాయి. అంతలో పొట్టిపిల్ల తల్లి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఫిర్యాదు ఎక్కడివ్వాలి?"

"పొద్దున ఇచ్చారు కదమ్మా! మళ్లీ ఎవరి మీద?"

ఆవిడ పై మెట్టు వైపు చూపించింది.

"ఫస్టొచ్చినవాళ్ల మీద."