కోడలి కిడ్నీకి కుటుంబ ఆమోదం

ఆస్పత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు కొత్తకోడలు, పెళ్ళికి వచ్చిన టీ కప్పుల్లో ఏది మొగుడిదో ఏది తనదో తేల్చుకుంటోంది. మామగారికి సరిపోయే కిడ్నీ దొరికిందట! ఇల్లంతా సంతోషంతో ఊగిపోయింది. ఆ కిడ్నీ ప్రస్తుతం కోడలి దగ్గరే భద్రంగా ఉందని తెలిశాక సంతోషం రెట్టింపయింది.

నిజానికి పరీక్షకు బయల్దేరింది మొగుడు. సూదంటే అతనికి హడలు. ధైర్యం చెప్పడానికి ఆమె పక్క కుర్చీలో కూర్చుని, ఒక చేత్తో అతని చెయ్యి పట్టుకుని, రెండో చెయ్యి నర్సుకి చాపింది. ఆ పూట తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి నవ్వాగదు. తీరా చూస్తే అతనిది సరిపడలేదు, ఆమెది సరిపడింది.

పెద్దబావగారు తక్షణం కుటుంబ సమావేశం జరిపారు. ఆయన అవయవదాన ప్రచార సంఘాధ్యక్షులు. ఎన్నో సభల్లో ప్రసంగించి కూడా, గొంతు తప్ప మరే అవయవానికీ శ్రమ కలగకుండా కాపాడుకున్నవారు.

"ఒక ప్రాణం నిలిపే మహద్భాగ్యం మన చిన్నకోడలికి దక్కింది. నాకు దక్కలేదే అని కుమిలిపోతున్నాను!" అన్నారు. ఆయనకి పరీక్ష చేయించుకునే తీరిక దొరకలేదు. తీర్మానానికి అందరూ చేతులెత్తారు. కోడలి చేతుల్లో టీ పళ్ళెం ఉంది కనుక ఏకగ్రీవానికి భంగం కలగలేదు.

ఆస్పత్రి కమిటీవారు ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, "మీ అంతట మీరే ఇస్తున్నారా?" అని అడుగుతారు. అందుచేత ఆమె ఇష్టం ఏమిటో ఆమెకు నేర్పే బాధ్యత ఆడపడుచు తీసుకుంది.

"తల దించకు వదినా, బలవంతపెట్టామనుకుంటారు. కాస్త నవ్వు."

నవ్వింది.

"మరీ అంతా? మేమేదో ముట్టజెప్పామనుకోరూ!"

ఇంతలో మామగారు గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చారు. "అమ్మాయ్, నీకిష్టమేనా?"

ఎవరికీ తట్టని ప్రశ్న అది. జబ్బు మెదడుదాకా పాకిందేమోనని అందరూ కంగారుపడ్డారు.

"మీరడిగారుగా మావయ్యగారూ, ఇప్పుడిష్టమే," అంది కోడలు. "కాకపోతే కన్నబిడ్డలుండగా కోడలెందుకని కూడా అడుగుతారట. అందుకే రేపు పొద్దున్నే బావగారికీ మరదలికీ పరీక్షలు చేయించడానికి మాట్లాడేశాం. సూదంటే భయమైతే చెయ్యి నేను పట్టుకుంటా."

మొగుడు ఆమె కప్పులోని టీ తాగేస్తూ గట్టిగా తలూపాడు.

సరిగ్గా ఆ వేళకే అవయవదాన అవగాహన నడక ఉన్న సంగతి బావగారికి చప్పున గుర్తొచ్చింది. ముందువరసలో జెండా పట్టుకోవలసింది తనేనని ఆడపడుచుకీ గుర్తొచ్చింది.

కాబట్టి రేపు ఉదయం నడక. పాఠకులందరికీ ఇదే ఆహ్వానం. టోపీలు ఉచితం. పాల్గొన్నవారు తమ తమ అవయవాలన్నిటితో క్షేమంగా ఇల్లు చేరే ఏర్పాట్లు పూర్తయ్యాయి.