ఎవరూ ఫోన్ చేయకండి

చిట్టి ఆ ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా భర్తను పనికి పంపించాలి, పడగ్గది తలుపు వేసుకోవాలి, పదకొండింటికి కంప్యూటర్ ముందు కూర్చుని ఇంటర్వ్యూ ఇవ్వాలి. మధ్యలో ఏడవకూడదు.

ఏడుపు రావడానికి కారణం ఉంది. క్యాన్సర్ గడ్డలోని జన్యువుల్లో వచ్చిన మార్పులను కంప్యూటర్‌తో జల్లెడ పట్టి, వాటిలో ఏది చూపిస్తే ఆ రోగి ఒంట్లోని రక్షణ కణాలు గడ్డ మీద తిరగబడతాయో తేల్చడం ఆమె చదువు. ఏ రోగి టీకా ఆ రోగికే అన్నమాట; ఇంగ్లీషులో పర్సనలైజ్డ్ ఇమ్యునోథెరపీ. పీహెచ్‌డీ అయి ఏడాదిన్నర దాటింది. పోస్ట్‌డాక్ అనే పరిశోధన ఉద్యోగం కోసం పెట్టిన దరఖాస్తుల్లో ఇదొక్కటే ఇంటర్వ్యూ దాకా వచ్చింది. ఆ ల్యాబ్‌వాళ్ళు పరీక్షగా ఒక రోగి వివరాలు పంపారు: గడ్డ డేటా, ఆ ఒంటి కణాలు ఏయే మార్పులను బయటికి చూపించగలవో చెప్పే టిష్యూ టైపు రిపోర్టు, రోగి కణాల మీద తాము చేసిన పరీక్షల ఫలితాలు. మీ ప్రోగ్రాం ఎంచినవి మా ఫలితాలతో ఎంతవరకు కలిశాయో చెప్పండి అన్నారు. చిట్టి ప్రోగ్రాం ఎనిమిదింటిని ఎంచింది. ఒక్కటీ కలవలేదు. ఆరు రోజులు తిప్పి తిప్పి చూసింది. ఆరు రోజులూ సున్నాయే.

"ఏదో ఒకటి సర్దెయ్యరాదూ?" అన్నాడు భర్త బూట్లు వేసుకుంటూ. అతను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు.

"సర్దితే మనిషి పోతాడు."

"ఇంటర్వ్యూలోనా?"

చిట్టి చూసిన చూపుకి అతను రెండో బూటు గుమ్మం బయట వేసుకున్నాడు. "సరే, మనవాళ్ళెవరూ ఫోన్లు చేసి నీ ప్రాణం తియ్యకుండా చూస్తాను. అదైనా చెయ్యనీ."

ఆ మాట అతను నిలబెట్టుకున్నాడు. కారు నేర్చుకునే మనిషి పక్క సీట్లో ఇంజన్ స్టార్ట్ చేసి చూస్తుండగా, కుటుంబం గ్రూపులో గబగబా కొట్టాడు: "మన చిట్టి పర్సనలైజ్డ్ క్యాన్సర్ ఇమ్యునోథెరపీకి సెలెక్ట్ అయింది. పదకొండింటికి డాక్టర్లు చూస్తారు. చాలా టెన్షన్‌లో ఉంది. ఎవరూ ఫోన్ చేయకండి." ఉద్యోగం, ఇంటర్వ్యూ అన్న రెండు మాటలు తొందరలో జారిపోయాయి. పీహెచ్‌డీ ఉన్నవాళ్ళంతా డాక్టర్లే కనుక ఆ మాట మాత్రం తప్పు కాదు. ఆ తర్వాత అతను ఫోన్ సైలెంట్‌లో పెట్టి, రివర్సు గేరు నేర్పడంలో మునిగిపోయాడు.

చిట్టికి నిజంగానే ఎవరూ ఫోన్ చేయలేదు. మనుషులే వచ్చారు.

మొదట అత్తగారు, చేతిలో సూట్‌కేసుతో. ఆవిడ దగ్గర ఇంటి తాళంచెవి ఒకటి ఉంది. ఆవిడ వెనకే ఫ్లాస్కు, మెత్తటి దిండు పట్టుకుని పిన్ని. ఆమె వెనక బాబాయి. ఆయన తూనికలు, కొలతల శాఖలో ముప్ఫై ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ముగ్గురూ పడగ్గది తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న చిట్టికి ఈ అలికిడేదీ వినబడలేదు. ఆమె గొంతు మాత్రం వీళ్ళకు వినబడుతోంది.

"టైం ఎక్కువ లేదు సార్. ఆరు వారాలు దాటితే టీకా ఇచ్చినా ప్రయోజనం ఉండదు."

అత్తగారు సూట్‌కేసు మీద కూలబడింది. "మొన్న పలకరిస్తే ముభావంగా ఉందేమిటా అనుకున్నాను. తలపొగరనుకున్నానే పాపిష్టిదాన్ని."

"నేను చేసినవేవీ పనిచెయ్యలేదు," అంటోంది లోపల చిట్టి. "ఎందుకో నాకే తెలీదు. దాచడం ఇష్టంలేక చెప్పేస్తున్నాను."

ఇక పిన్ని ఆగలేదు. తలుపు తోసుకుని వెళ్ళి చిట్టిని దిండుతో సహా కావలించుకుంది. హెడ్‌ఫోన్స్ మెడలోకి జారాయి, వాటి తీగ ఊడింది. తెర మీద ఒక ప్రొఫెసరమ్మ, ఇద్దరు మగవాళ్ళు నోరు తెరిచి చూస్తున్నారు.

"ఎన్నాళ్ళ నించే?" అంది పిన్ని.

"ఏంటి?"

"జబ్బు."

చిట్టి తెర వంక చూసింది. ఏడాదిన్నర ఎదురుచూపు, ఆరు రోజుల నిద్రలేమి, ఈ పూటతో సరి. "జబ్బు నాకు కాదు పిన్నీ. ఇది ఉద్యోగం. వీళ్ళు నన్ను ఇంటర్వ్యూ చేస్తున్నారు."

"మరి పోయేదెవరు?" అని అడిగింది అత్తగారు, కళ్ళు తుడుచుకుంటూ.

"వాళ్ళు పంపిన డేటాలో ఒక రోగి అత్తయ్యా. ఆ మనిషి టిష్యూ టైపుని బట్టి నేను లెక్క కట్టాను. ఒక్కటీ కలవలేదు."

బాబాయి ముందుకొంగి తెర మీది కాగితాన్ని చూశాడు. "ఈ రిపోర్టు ఆ మనిషిదేనని నీకెవరు చెప్పారు?"

"ఫైలు మీద నంబరుంది బాబాయ్."

"నంబరుదేముంది. ముప్ఫై ఏళ్ళూ నేను పట్టుకున్న దొంగ తూకాలన్నీ ముద్ర ఉన్న రాళ్ళే."

ఇంటర్వ్యూలో బాబాయిలు మాట్లాడకూడదు. కానీ చిట్టి చెయ్యి అప్పటికే మౌస్ మీదికి వెళ్ళింది. టిష్యూ టైపును గడ్డ డేటాలోంచే నేరుగా చదవచ్చు. రిపోర్టు ఇచ్చారు కదా అని ఆరు రోజులుగా ఆ పని చెయ్యలేదు. "మేడమ్, ఎనిమిది నిమిషాలు టైమిస్తారా?" అంది.

ప్రొఫెసరమ్మ తలూపింది. ప్రోగ్రాం నడుస్తోంది. ఈలోగా పిన్ని తెర దగ్గరికి జరిగింది. "డాక్టరుగారూ, నాకు మెట్లెక్కితే మోకాలు పట్టేస్తుందండీ."

"నేను ఆ డాక్టర్ని కాదమ్మా," అన్నాడు చివర కూర్చున్నాయన. "కంప్యూటర్ లెక్కలు."

"పోన్లెండి," అంది పిన్ని జాలిగా.

ఫలితం వచ్చింది. చిట్టి దాన్ని రెండుసార్లు చదివి, అరచేతులు చీరకి తుడుచుకుంది. "రిపోర్టు వేరే మనిషిది మేడమ్." అసలు టైపు పెట్టి మళ్ళీ లెక్క కట్టింది. ఈసారి ఎంచిన ఎనిమిదిలో అయిదు కలిశాయి.

ప్రొఫెసరమ్మ పక్కకు తిరిగి కంప్యూటర్ లెక్కల డాక్టరును చూసింది. ఆ డేటా పంపింది ఆయనే. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"మీకంటే ముందు ముగ్గురొచ్చారు," అంది ఆవిడ నెమ్మదిగా. "వాళ్ళ ముగ్గురికీ ఈ తప్పుడు రిపోర్టుతోనే బ్రహ్మాండంగా కలిసింది. ఎలా కలిసిందో ఇప్పుడు కూర్చుని అడగాలి."

మధ్యాహ్నానికి నియామకపు ఉత్తరం వచ్చింది. రెండేళ్ళ కాంట్రాక్టు. చిట్టి దాన్ని బిగ్గరగా చదువుతూ, పథకం ప్రకారం ఆపుకున్నదంతా అప్పుడు ఏడ్చింది. సరిగ్గా అదే సమయానికి, ముప్ఫై ఆరు మిస్డ్ కాల్స్ చూసుకుని భర్త ఇంట్లోకి పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలో సూట్‌కేసు, సోఫాలో దిండు, ఏడుస్తున్న భార్య.

"ఏమైందమ్మా దీనికి?"

"కంగారుపడకురా," అంది అత్తగారు. "ఉద్యోగమేనట. రెండేళ్ళలో దానంతటదే పోతుందట."