మా షాపు వైరస్‌కు జేజేలు

కంప్యూటర్‌కు వైరస్ పట్టడం అదృష్టమండీ! పట్టనివాళ్లను చూస్తే నాకు జాలి.

ప్రొద్దుటూరులో నాకు పెళ్లికార్డులు డిజైన్ చేసే చిన్న షాపు ఉంది. అందులో దొంగ కాపీ సాఫ్ట్‌వేర్‌తో, దానితోపాటే వచ్చిన వైరస్‌తో నడిచే కంప్యూటర్ ఉంది. పొద్దున్నే ఆన్ చేసి, టీ తాగి, పేపరు చదివి, పక్క షాపాయనతో రాజకీయాలు మాట్లాడి వచ్చినా అది ఇంకా నిద్ర లేస్తూనే ఉంటుంది. ఏ యోగా క్లాసులో దొరుకుతుంది ఇంత ప్రశాంతత? పని ఆలస్యమైతే 'సిస్టమ్ హ్యాంగైంది' అంటే చాలు, ఏ కస్టమరూ నోరెత్తడు. ఇంత మర్యాదైన సాకు ఒరిజినల్ కొన్నవాళ్లకు ఉందా?

ఈ సుఖాన్ని చెడగొట్టడానికి మా ఊళ్లో ఒక ముఠా బయలుదేరింది. కాలేజీలో పాఠాలు చెప్పే మసరత్, సెల్‌ఫోన్లు రిపేరు చేసే నాసిర్. ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాడండి, నచ్చితే పదిమందికీ కాపీ చేసి ఇవ్వండి, అది తప్పు కాదు అని వీళ్ల ప్రచారం. చేతిలో చిల్లిగవ్వ లేదు. బట్టల షాపువాళ్లు పారేసిన ఆషాఢం డిస్కౌంట్ ఫ్లెక్సీకి వెనకవైపు రాసుకుని, ఆదివారాలు మోపెడ్ మీద ఊళ్లు తిరుగుతారు. జమ్మలమడుగులో గాలికి ఆ ఫ్లెక్సీ తిరగబడింది. ఆడవాళ్లు గుంపుగా వచ్చి చీరలెక్కడని అడిగారు. వాళ్ల ప్రచారానికి జనం బాగా వచ్చింది ఆ ఒక్క రోజే.

నేను మాత్రం వాళ్లను షాపు గడప తొక్కనివ్వలేదు. ఊరికే ఇస్తామంటే అనుమానించాలా, వద్దా? దొంగ కాపీ వేసినవాడు డబ్బు తీసుకున్నాడు కాబట్టి వాడు పెద్దమనిషి!

అంతలో నా కంప్యూటర్ కన్ను మూసింది. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన నూర్ అహ్మద్ కూతురి పెళ్లికార్డు అందులోనే ఉంది. సాయంత్రానికి అది ప్రెస్సుకు వెళ్లాలి. ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"సిస్టమ్ హ్యాంగైంది" అన్నాను.

"మా పాప పెండ్లి గూడా హ్యాంగయ్యిందా అప్పా?" అన్నాడు.

నా మంత్రం పారకపోవడం అదే మొదలు. సిగ్గు విడిచి మసరత్‌కు ఫోన్ చేశాను. ఆమె వచ్చి పెన్‌డ్రైవ్ పెట్టి, తన ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌ను లేపి, పెళ్లికార్డును బయటికి తీసింది. నూర్ అహ్మద్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఎంతమ్మా?"

"ఫ్రీ మామా."

పెళ్లి బట్టలూ బంగారమూ వారం నుంచి మా బజారులోనే బేరమాడి కొంటున్న మనిషి. అలవాటు ఎక్కడికి పోతుంది?

"అట్లగాదు, కొంచెం తగ్గించు" అన్నాడు.

మసరత్ పెన్‌డ్రైవ్ పీకి బ్యాగులో వేసుకుంది. "సరే మామా, నీ మొగం చూసి తగ్గిస్తాండా. ఈ ఆదివారం ఈ అన్నను మాతో పులివెందులకు పంపియ్యి, చాలు."

"ఇప్పుడు బాగుండాది రేటు" అని నూర్ అహ్మద్ నన్ను అడక్కుండానే బేరం ఖాయం చేసేశాడు.

అలా ఆదివారం పులివెందుల బస్టాండు దగ్గర, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఫ్లెక్సీకి ఒక కొస పట్టుకుని నిలబడ్డాను. సింహాద్రిపురంలో నెట్ సెంటర్ నడిపే ఒకాయన వచ్చి, మేం రాసింది చదివి, నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"ఊరికే ఇస్తాండారంటే లోపల ఏందో ఉంటాది. ఏందప్పా మతలబు?" అని దులుపుకుని పోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎండన పడి వచ్చి మంచి వస్తువు చేతిలో పెడతామంటే అనుమానిస్తారా? ఎలాంటి మనుషులండీ వీళ్లు? ఇలాంటివాళ్లకు వైరసే సరి!